గాలికి కదలని కోటు

జావ గిన్నె నేలకేసి కొట్టింది నేను కాదు, మా కోడలు.

గిన్నె దొర్లుకుంటూ వెళ్లి కుట్టుమిషను కాలికి తగిలి ఆగింది. ఎవరూ వంగి తీయలేదు. జావ మాత్రం గచ్చు మీద మెల్లగా పాకుతోంది.

"ఇంకో మాట అనండి అత్తయ్యా, వింటాను," అంది. "మొగుణ్ణి మాడ్చి చంపుతున్నానని వీధి గుమ్మంలో నిలబడి చెప్పండి. అందరూ వింటారు."

"ఆ మాట నేనన్నానా?"

"అనకుండానే అంటారు మీరు. పొద్దున్నుంచీ కిటికీ దగ్గర నిలబడి ఆ పూలకుండీ వంక చూడ్డం ఏంటి మరి?"

చూసిన మాట నిజమే. కిటికీ బయట కుండీలో మొక్క మొదలు కుళ్లిపోయింది. మట్టి మీద తెల్లగా పెచ్చు కట్టింది. వేలితో గీకి వాసన చూశాను. పులిసిన జావ. ఒక్కపూటది కాదు, పొర మీద పొర.

మావాడు ఆ కిటికీ పక్కనే కుర్చీలో కూర్చుని, ఎవరిదో కోటు చేతికి లైనింగు అతుకుతున్నాడు. ఈ గొడవంతా పక్కింటివాళ్లదన్నట్టు తల ఎత్తలేదు. గొంతులో గడ్డ వచ్చిన దగ్గర్నుంచి వాడికి మాట గరగరమంటూ వస్తుంది. అవసరమైతే తప్ప నోరు విప్పడు. మమ్మల్ని పిలవాలంటే కత్తెరతో బల్ల మీద టకటకా కొడతాడు.

"ఒరేయ్, నువ్వన్నా చెప్పరా. ఈ జావ నువ్వు తాగుతున్నావా, ఆ కుండీ తాగుతోందా?"

పలకలేదు. మళ్లీ అడిగాను. దారం పళ్లతో తెంపి, ఇంకో దారం ఎక్కించుకున్నాడు.

అలిగాడనుకున్నాను. ఈమధ్య అలకలు ఎక్కువయ్యాయి వాడికి. వెనకనుంచి పిలిస్తే పలకడు. వంటింట్లోంచి కేకేస్తే విననట్టే ఊరుకుంటాడు. ఎదురుగా వెళ్లి నిలబడితే అప్పుడు తలెత్తి, ఏమీ ఎరగని పిల్లాడిలా "ఏంటే అమ్మా?" అంటాడు.

వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. కుండీ వైపు చూపించాను.

"దానికి మాత్రం ఆకలెయ్యదా?" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక నా వైపు కాదు, పెళ్లాం వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. నోరు కట్టేసే చూపు అది.

"ప్రతి వారం ఆస్పత్రిలో తూస్తున్నారు కదా," కోడలు అందుకుంది. "బరువు తగ్గిందని ఎవరైనా అన్నారా? పోయినవారం డాక్టరమ్మ ఏమంది? 'బరువు బాగా నిలబెట్టుకొస్తున్నారు' అందా లేదా? మీరూ పక్కనే ఉన్నారుగా!"

"అందుకే అడుగుతున్నా. తినని మనిషి బరువు ఎలా నిలబడిందే?"

సూది లైనింగులో సగం దిగి ఆగిపోయింది.

"తూనిక అబద్ధం చెబుతుందా అత్తయ్యా?"

"తూనిక ఎందుకు చెబుతుంది? మనుషులే చెబుతారు."

కోడలు ముఖం ఎర్రబడింది. వాడు కత్తెర తీసి బల్ల మీద గట్టిగా కొట్టాడు. "ఆపండి ఇంక. మధ్యాహ్నం ఆస్పత్రి. నా నల్ల ప్యాంటు ఇస్త్రీ అయిందా?"

మళ్లీ ఆ నల్ల ప్యాంటే. ఇంట్లో దర్జీ ఉన్నాడు, కింద కొట్టు నిండా బట్టలున్నాయి. అయినా ఆస్పత్రికి వెళ్లే రోజు వేరేది తొడగడు. అచ్చొచ్చిన ప్యాంటని మొన్నటిదాకా అనుకున్నాను. ఇవాళ ఎందుకో అలా అనిపించలేదు.

పొద్దున వాడి భుజం మీద చెయ్యి వేస్తే చొక్కా కింద ఎముక తగిలింది. చొక్కా మాత్రం నిన్న కొలిచి ఇవాళ కుట్టినట్టుంది. ఎక్కడా వేలాడ్డం లేదు.

*

గచ్చు తుడవడానికి పాతగుడ్డ కోసం కింద కొట్లోకి దిగాను.

మావాడు జబ్బుపడి పైనే ఉండిపోయాక కొట్టు నడిపేది కటింగ్ మాస్టరే. నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది. బల్ల కిందకి తల దూర్చి ఏదో వెతుకుతూ తనలో తనే తిట్టుకుంటున్నాడు.

"ఏం పోయింది మాస్టారూ?"

"నా బుర్ర పోయింది పెద్దమ్మగారూ. హోటల్‌వాళ్ల తెరలు రేపు ఇవ్వాలి. అంచుల్లో కుట్టే సీసం బిళ్లల డబ్బా కొత్తది తెప్పించానా, సగానికి సగం ఖాళీ! బిళ్లలు లేకపోతే తెర నిలబడుతుందా? ఫ్యాను వేస్తే చాలు, ఎగిరి తినేవాళ్ల సూప్‌లో పడుతుంది."

"ఎవరు తీసుంటారు?"

"ఎలకలు తిన్నాయంటే నమ్ముతారా? సీసం తినే ఎలకలు మా కొట్లోనే ఉన్నాయి మరి." గొంతు తగ్గించాడు. "నేను చెప్పానని అనకండి. మొన్న మీ కోడలుగారు ఆ డబ్బా పట్టుకుని వెనకగదిలోకి వెళ్లడం చూశాను. అడిగితే, 'బొత్తాల డబ్బా అనుకున్నా' అన్నారు. ఇన్నేళ్లు కొట్లో తిరిగిన మనిషికి బొత్తాలకీ సీసానికీ తేడా తెలీదంటారా? ఎత్తితే చెయ్యి జారిపోతుంది."

గుడ్డ అక్కడే పడేసి వెనకగదిలోకి నడిచాను.

అది ఇస్త్రీ గది. నల్ల ప్యాంటు కొక్కేనికి వేలాడుతోంది. గోడకి అంటుకున్నంత తిన్నగా ఉంది, ముడత లేదు. చేత్తో ఎత్తాను.

ఒక్క ప్యాంటు ఉండాల్సిన బరువు కాదు. పుట్టినప్పుడు వాణ్ణి మొదటిసారి నా చేతికిస్తే ఎంత బరువు తోచిందో, అంత. రెండు చేతులూ పెట్టి పట్టుకున్నాను.

నడుం పట్టీ తడిమాను. లోపల వరసగా గట్టిగా బిళ్లలు. కాళ్ల మడతల్లోనూ ఉన్నాయి. జేబు సంచుల అడుగునా ఉన్నాయి.

ఆ క్షణంలో నేను అనుకున్న మాటలు ఇక్కడ రాయలేను. నా కొడుకు ఒళ్లు కరిగిపోతుంటే ఎవరికీ తెలియకూడదని ఇది పన్నిన పన్నాగం అనుకున్నాను. వండి పెట్టే ఓపిక లేక, అడిగేవాళ్లకి బరువు చూపిస్తోంది అనుకున్నాను. ఇంకా చాలా అనుకున్నాను. బ్లేడు ముక్క తీసుకుని నడుం పట్టీ కుట్టు విప్పడం మొదలుపెట్టాను. ఇవాళ డాక్టరమ్మ ముందు ఈ బిళ్లలు పోసి, నీ సంగతేంటో చెప్పవే అని అడుగుదామనుకున్నాను.

రెండు జానలు విప్పాక చెయ్యి ఆగిపోయింది.

చేతికుట్టు ఎవరిదో మా ఇంట్లో చెప్పక్కర్లేదు. నా కుట్టు దగ్గర దగ్గరగా పడుతుంది, భయపడుతూ నడిచే మనిషి అడుగుల్లా. కోడలి కుట్టు కుడివైపుకి వాలుతుంది. మావాడిది ఎడమచేతి వాటం. వాడి కుట్టు ఒక్కటే ఎదురుదిక్కుకి వాలుతుంది.

ఈ ప్యాంటులో ప్రతి కుట్టూ ఎడమకే వాలి ఉంది.

"విప్పారా?"

తలుపు దగ్గర కోడలు. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"కుట్టు చూశారుగా. నాదేనా?"

బిళ్లలు ఇస్త్రీ బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెడుతూ కూర్చున్నాను. ఒక వరస పూర్తయ్యాక అడిగాను.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్లనుంచి?"

"మింగుడు పడ్డం మానేసిన దగ్గర్నుంచి. ముందు కొంచెమే. వారం వారం కాస్త కాస్త పెంచుకుంటూ పోయాడు."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకోక ఏం చెయ్యను? నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నాడు. డబ్బా తెచ్చి ఇమ్మంటే ఇచ్చాను. మాస్టరు మీకు చెప్పేశాడుగా, తెలుసు నాకు." గోడకి ఆనుకుంది. "ఊదినన్నాళ్లు సిగరెట్లు ఊదాడు, తాగినన్నాళ్లు తాగాడు, అప్పుడు నా మాట వినలేదు. ఇప్పుడు బతకాలనుకుంటున్నాడు అత్తయ్యా. ఇప్పుడు కూడా నేను అడ్డం పడనా?"

బతకడానికీ సీసానికీ ఏంటి సంబంధం అని నేను అడగలేదు. నాకూ తెలుసు.

మావాడికి ఉన్నది ఒక కేన్సరు కాదు. గొంతులో ఒకటి, అన్నం దిగే గొట్టంలో ఒకటి. ఒకదాన్నుంచి ఇంకొకటి పాకింది కాదట, వేటికవి విడిగా పుట్టాయట. దేన్ని ముందు పట్టుకోవాలని డాక్టర్లంతా కూర్చుని మాట్లాడుకున్నారు. గొంతుకి ముందు కోత పెడితే ఈలోగా కిందది పెరుగుతుంది. కిందదానికి ముందు కోత పెడితే పైది మాట్లాడనివ్వదు, ఊపిరాడనివ్వదు. చివరికి కోతలు పక్కన పెట్టి, రెండింటికీ కలిపి రేడియేషన్ కరెంటు, దాంతోపాటు వారం వారం సెలైనులో మందు అన్నారు. డాక్టరమ్మ ఒకటే మాట గట్టిగా చెప్పింది: ఇది ఒంటికి చాలా పెద్ద పరీక్ష, మనిషి బరువు నిలబడాలి. వాళ్లు గీసిన గీత కిందకి బరువు దిగితే మందు ఆపి, ఆస్పత్రిలో చేర్చుకుని, పేగులోకి సన్నగొట్టం పెట్టి తిండి పంపుతాం, తర్వాత మళ్లీ కూర్చుని ఆలోచిస్తాం అంది.

గొట్టం పొట్టకే పెట్టొచ్చుగా అని ఆరోజు నేనడిగాను. వద్దమ్మా, రేపు అవసరమైతే ఆ పొట్టనే పైకి లాగి కొత్త గొట్టంలా కుట్టాల్సి రావచ్చు, దానికి చిల్లు పెట్టకూడదు అంది. మావాడు బయటికొచ్చాక, "చూశావా, గుడ్డ దాచుకుంటున్నారు," అన్నాడు. "ఒకే తానులో రెండు కోట్లు తియ్యాలమ్మా. గుడ్డ చాలకపోతే ఏం చేస్తారు? ఒక కోటు వదిలేస్తారు."

"మళ్లీ ఆలోచిస్తాం అనే మాటకే భయపడ్డాడు," కోడలు అంది. "ఆ లారీ డ్రైవరుకి కూడా అదే మాట చెప్పారుగా. ఈయనలాగే రెండు చోట్ల. బరువు దిగింది, ఆలోచిస్తాం అన్నారు, పంపేశారు. మళ్లీ ఆ కుర్చీలో కనిపించాడా మీకు?"

కనిపించలేదు. సెలైను ఎక్కించే గదిలో మావాడి పక్క కుర్చీ అది. ఎప్పుడూ జోకులేసేవాడు పాపం. ఏమయ్యాడో ఎవర్నీ అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

"నువ్వనేది అర్థమైంది," అన్నాను. "ఇప్పుడు నేను చెప్పేది విను. పోయినవారం ఆ మందు కలిపే నర్సు నాతో ఏమందో తెలుసా? నువ్వు అప్పుడు మందుల షాపు దగ్గరున్నావు. 'తూచిన బరువుని బట్టే కలుపుతాం పెద్దమ్మా, ఇంట్లో బాగా తాగించండి, ఒంట్లో నీళ్లు లేని మనిషికి ఇది పడితే కిడ్నీల మీదా చెవుల మీదా దెబ్బ కొడుతుంది' అంది."

కోడలు గోడ వదిలి నా దగ్గరికొచ్చింది.

"లేని మనిషిని తూచి, ఉన్న మనిషికి ఎక్కిస్తున్నారే వాళ్లు. నీళ్లయినా సరిగ్గా దిగని ఒంట్లోకి."

"చెవుల మీదా?" అంది.

"ఆ. ఎందుకలా అడుగుతున్నావ్?"

"ఏం లేదు." గబుక్కున ముఖం తిప్పుకుంది. ఏదో ఉంది. నాకు చెప్పకుండా ఇంకా ఏదో దాస్తోంది. గట్టిగా అడుగుదామనుకున్నాను గానీ, పైన కత్తెర చప్పుడు వినిపించింది. ప్యాంటు కోసం పిలుస్తున్నాడు.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. ఉపాయం అని అప్పుడు అనుకున్నాను.

బిళ్లలన్నీ తీసేస్తాను. కుట్టు మళ్లీ వేసేస్తాను. ఎవరితోనూ ఏమీ అనను. తూనికే చెబుతుంది. నేను చెప్పినట్టూ ఉండదు, కోడలు ఒట్టు తప్పినట్టూ ఉండదు.

"చెయ్యనా?"

కోడలు సూది తీసుకుని, నా కళ్లకి ఆనదని తనే దారం ఎక్కించి ఇచ్చింది. నేను కుట్టినంతసేపూ నిలబడి చూసింది. బిళ్లల్ని బొత్తాల డబ్బాలో పోసి బల్ల మీద పెట్టి, ప్యాంటు పట్టుకుని పైకి వెళ్లాను.

డబ్బా నాతో తీసుకెళ్లాలని నాకు తట్టలేదు.

*

మేం బయల్దేరేటప్పుడు కోడలు బూడిదరంగు కోటు తెచ్చి వాడి భుజాల మీద వేసింది.

"ఇంత ఎండలో కోటేంటే?" అన్నాను.

"ఆ గదిలో చలి వణికిస్తోందని పోయినవారం అనలేదా మీ అబ్బాయి?"

అన్నాడు, నిజమే. పెళ్లానికి ఆమాత్రం శ్రద్ధ ఉందిలే అనుకున్నాను. పొద్దున నేనన్న మాటలకి కాస్త సిగ్గు కూడా వేసింది.

బస్సులో వాడు నా పక్కన కూర్చున్నాడు. ఒకసారి నడుం తడుముకున్నాడు. తర్వాత కోటు ముందుభాగం రెండు చేతులతో సర్దుకున్నాడు. మెల్లగా నా వైపు తిరిగి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీ చెయ్యి ఇంకా తిన్నగానే ఉందే అమ్మా," అన్నాడు.

"ఏం చెయ్యిరా?"

"ఏం లేదులే. నువ్వు నా పక్షాన ఉంటావని అనుకోలేదు."

ఏం మాట్లాడుతున్నాడో అర్థం కాలేదు. ముందు సీట్లో కూర్చున్న కోడలు తల తిప్పలేదు. మెడ మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు. వాళ్లిద్దరి మధ్య ఏదో నడుస్తోంది, నన్ను కలుపుకోకుండా నడుస్తోంది అనిపించింది. వాడి చేతిలో నా చెయ్యి అలాగే ఉంచాను. ఎన్నాళ్లయిందో వాడు నా చెయ్యి పట్టుకుని.

ఆస్పత్రి వరండాలో ఎప్పటి బెంచీలే, ఎప్పటి ముఖాలే. సెలైను గదిలోకి తొంగి చూశాను. లారీ డ్రైవరు కుర్చీలో ఇవాళ ఇంకెవరో ఉన్నారు.

పిలిచారు. డాక్టరమ్మ గదిలో మూలన తూనిక మిషను. పక్కన నిలువు ఫ్యాను తిరుగుతోంది. నర్సు చేతిలో కాగితాలు రెపరెపలాడుతుంటే బొటనవేలితో అదిమి పట్టుకుంది.

"చెప్పులు విప్పి ఎక్కండి."

వాడు ఎక్కాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు పడుతుంది బాంబు అనుకున్నాను. డాక్టరమ్మ కంగారు పడుతుంది, ఏమైందని అడుగుతుంది, చేర్చుకుంటాం అంటుంది. వాడు ఏడుస్తాడేమో. కానీ నేను మాత్రం నోరు విప్పక్కర్లేదు.

"పోయినవారం ఎంతో అంతేనండీ," అంది నర్సు.

కళ్లు తెరిచాను.

"మంచిది," డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ అంది. రాయడం ఆపి వాడి ముఖం చూసింది. "మనిషిని చూస్తే ఇంకా దిగినట్టుంది నాకు. తింటున్నారా?"

"తింటున్నాను."

"నీళ్లు?"

"తాగుతున్నారండీ," కోడలు చెప్పింది. అడక్కుండానే.

"సరే, మందు కలపమని చెప్పండి."

నర్సు తలుపు వైపు నడిచింది. ఫ్యాను అటు తిరిగి ఇటు తిరిగింది. డాక్టరమ్మ తెల్లకోటు రెక్క ఎగిరింది. కిటికీ తెర ఉబ్బింది. కోడలి జుట్టు చెదిరింది. నా బట్టలు కూడా కదిలాయి.

మావాడి బూడిదరంగు కోటు కదల్లేదు. ముందు రెక్కలు తెరిచే ఉన్నాయి, ఒక్క బొత్తాం పెట్టలేదు. అయినా అంచు నేలకి తాడు కట్టి లాగినట్టు నిటారుగా వేలాడుతోంది. గాలికి కదలని గుడ్డ మా కొట్లో ఒక్కటే ఉంటుంది. హోటల్ తెర.

కింద ఏదో పడితే తీస్తున్నట్టు వంగి చూశాను. కోటు అంచు లోపలి కుట్టు కనిపించింది. గబగబా వేసిన కుట్టు. ఎడమకి కాదు. కుడికి వాలి ఉంది.

బస్సులో వాడన్న మాట అప్పుడు అర్థమైంది. నడుం తేలికైంది, కోటు బరువైంది. నడుం పట్టీలో నా కుట్టు తడిమి, బిళ్లలు కోటులోకి మార్చింది నేనే అనుకున్నాడు. అమ్మ కూడా తన జట్టులో చేరిందనుకున్నాడు. అందుకే నా చెయ్యి పట్టుకున్నాడు.

కోడలు నా ముంజేయి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగాయి. నా చెవిలో ఊపిరిలాగా అంది, "ఒక్క వారం అత్తయ్యా. మీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క వారం ఊరుకోండి."

వాడు తూనిక దిగుతూ నా వైపు చూసి నవ్వాడు. చిన్నప్పుడు పెద్దవాళ్ల కన్నుగప్పి నాతో కలిసి ఏదైనా చేసినప్పుడు నవ్వే నవ్వు.

నర్సు తలుపు దాటబోతోంది.

చెబితే వైద్యం ఆపేస్తారేమో. ఒక కోటు వదిలేస్తారేమో. మావాడు కూడా ఆ డ్రైవరులాగే రేపటినుంచి కుర్చీలో కనిపించడేమో. చెప్పకపోతే ఆ సీసాలో మందు, లేని బరువుకి కొలిచిన మందు, ఎండిపోయిన ఆ ఒంట్లోకి ఇంకాసేపట్లో దిగుతుంది. నా భయాలకి ఎప్పుడూ అంతుండదని ఇంట్లో అందరూ నవ్వుతారు. ఇవాళ ఏ భయం మాట వినాలో చెప్పేవాళ్లు లేరు.

"ఆగమ్మా!" అన్నాను.

నర్సు ఆగింది.

"డాక్టరమ్మా, ఆ కోటు విప్పించి మళ్లీ తూచండి."

వాడి నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. కోడలి చెయ్యి నా ముంజేయి మీదనుంచి జారిపోయింది.

డాక్టరమ్మ లేచి వచ్చి కోటు అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. "విప్పండి," అంది.

వాడు విప్పి బల్ల మీద పెట్టాడు. దడేల్‌మంది. గుడ్డ పడిన చప్పుడు కాదది.

మళ్లీ తూనిక ఎక్కాడు. నర్సు అంకె పైకి చదవలేదు. కాగితం డాక్టరమ్మ ముందు పెట్టింది.

"ఎవరు చేశారు?"

"నేనే," అన్నాడు వాడు.

"ఇవాళ్టిది నేను," అంది కోడలు. అనేసి, "ఈయనకి తెలీదండీ," అని ఏడ్చేసింది.

వాడు తూనిక మీదే నిలబడి పెళ్లాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "అయితే నువ్వు..." అని ఆగిపోయాడు. "నా ప్యాంటు విప్పింది దాచడానికి కాదన్నమాట."

"నాన్నా..."

"వద్దు." చొక్కా సర్దుకుంటూ మాకు వీపు తిప్పాడు. "ఇప్పుడు ఆలోచిస్తారు వీళ్లు. తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తారు. నీకు తృప్తేగా?"

డాక్టరమ్మ కోప్పడుతుందేమో, వెళ్లిపొమ్మంటుందేమో అని చూశాను. ఆమె పాత కాగితాలు ఒక్కొక్కటే తిరగేస్తోంది. పోయినవారానిది. ఆ ముందువారానిది. ఆమె ముఖంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది.

"ఆ మందు కలపకండి," నర్సుతో అంది. "రక్తం తీసి వెంటనే పంపండి. కిడ్నీలకి."

తర్వాత లేచి, మావాడి వెనక్కి వచ్చి నిలబడింది. వాడు చొక్కా కింది బొత్తాం దగ్గరున్నాడు. మామూలు గొంతుతోనే అడిగింది.

"మీకు చెవుల్లో హోరు ఏమైనా ఉంటోందా?"

పక్కన కోడలు ఊపిరి బిగబట్టింది. ఇస్త్రీ గదిలో తను ముఖం తిప్పుకున్నది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. వెనకనుంచి పిలిస్తే వాడు ఎందుకు పలకడంలేదో కూడా.

"మిమ్మల్నే. వినబడుతోందా నా మాట?" డాక్టరమ్మ మళ్లీ అడిగింది.

ఆమె అడిగింది నేను విన్నాను. కోడలు వింది. తలుపు దగ్గర నర్సు వింది.

మావాడు మాకు వీపు తిప్పి, ఒక్కో బొత్తామే పెట్టుకుంటూ ఉన్నాడు.